పేరు పెట్టి పిలిచిన కాసులు

అనగా అనగా, గాజుల గలగలతో తెల్లవారే ఊరొకటి. దాని పేరు కంకణపురి. అక్కడ రంగసాని అనే గాజులమ్మి ఉండేది. ఆమెకు ఒక్కతే కూతురు, గోరంట.

ఒకనాడు గాజుల కొలిమి యజమాని సింగన ఆమెకు ఒక బుట్ట అప్పగించాడు.

"ముప్పై జతలున్నాయి. అంతా కలిపి డెబ్బై రాగి కాసుల సరుకు. పొద్దుగూకేలోగా సొమ్ము తెచ్చావా, నీ కూలి నీకిస్తాను. తేలేదా, నీ పిల్ల నా కొలిమి ఊదుతుంది. అందాకా ఇక్కడే ఉండనీ" అన్నాడు.

 రంగసాని బుట్ట నెత్తికెత్తుకొని సంతకు వెళ్లింది.

లక్క గాజుల జత ఒక వెండి కాసు. మట్టి గాజుల జత ఒక రాగి కాసు. వెండి కాసంటే అయిదు రాగి కాసుల పెట్టు. కొన్నవాళ్లే కాసు ఆమె ముందున్న గుడ్డ మూటలో వేశారు. ఆమె గాజులు తొడిగింది. గాజు చిట్లితే చెయ్యి తెగుతుంది గదా, ఆమె చూపంతా చేతుల మీదే; ఏ కాసులెన్ని పడ్డాయో లెక్కపెట్టలేదు.

బుట్ట ఖాళీ అయ్యాక మూట మొలన దోపుకుంది. తిరిగి వస్తూ తడుముకుంటే, మొలన మూట లేదు.

అది రాజభటులకు దొరికింది. రాజు దానికి ముద్ర వేయించి దండోరా కొట్టించాడు. "మూట విప్పకుండా లోపల వెండి ఎన్నో, రాగి ఎన్నో చెప్పినవారిదే సొమ్ము."

ముగ్గురు వచ్చారు.

మొదటివాడు పట్టుబట్టల వర్తకుడు. మూటను అరచేత ఎగరేసి, "వెండి ఇరవై, రాగి ఇరవై. నా సొమ్ము నాకు తెలియదా!" అన్నాడు.

రెండోవాడు జోస్యుడు. కళ్లు మూసి, "వెండి పన్నెండు, రాగి ఏడు. గ్రహాలే చెబుతున్నాయి" అన్నాడు.

మూడో మనిషి రంగసాని. 

"నాకు తెలియదు మహారాజా" అంది.

సభ గొల్లుమంది. "సొంత మూటలో ఏముందో తెలియనిదానివి ఎందుకొచ్చావే అమ్మా?" అన్నాడు వర్తకుడు.

"నీ జవాబు అంతేనా?" అన్నాడు రాజు.

"జవాబు కాదు మహారాజా, మొదలు. నా బిడ్డ కడుపులో ఉండగా ఆడో మగో తెలియదు, నలుపో తెలుపో తెలియదు. అయినా గోరంటా అని పేరు పెట్టి పిలిచాను. ఈ తెలియనిదానికీ ఆ పేరే పెడతాను. మూటలో వెండి కాసులెన్నో, ఆ లెక్క పేరు గోరంట."

నవ్వులు ఆగాయి.

"జతకొక కాసు. ముప్పై జతలకు ముప్పై కాసులు. ముప్పైలో గోరంట పోగా మిగిలినవి రాగివి. వెండి ఒక్కోటి అయిదు పెట్టు, కాబట్టి వెండి మొత్తం విలువ అయిదు గోరంటలు. అయిదు గోరంటలు వచ్చి, ముప్పైలోంచి ఒక గోరంట పోతే, మొత్తం సరుకు విలువ డెబ్బై రాగి కాసులు. అంటే ముప్పై మీద నాలుగు గోరంటలు. ముప్పై తీసేస్తే, నాలుగు గోరంటలు నలభై."

ఆమె మూట వైపు చూసింది.

"ఒక్క గోరంట పది. వెండి పది, రాగి ఇరవై."

ముద్ర విప్పారు. పళ్లెంలో పోసి వేరుచేశారు. వెండి పది. రాగి ఇరవై.

వర్తకుడూ జోస్యుడూ వెనక ద్వారం వెతుక్కున్నారు. రాజు ఏదో బహుమానం అంటూనే ఉన్నాడు. రంగసాని వినలేదు. మూట పట్టుకొని పరుగెత్తింది.

కొలిమి గుమ్మంలో ఇంకా ఎండ ఉంది. కాసులు సింగన ముందు కుమ్మరించి, లోపలికి చూసి పిలిచింది.

"గోరంటా!"

మసి చేతులతో పిల్ల బయటికి వచ్చింది.

అందుకే పెద్దలు చెబుతారు: తెలియనిదాన్ని చూసి బెదరకు, తెలిసినట్టు నటించకు, పేరు పెట్టి పిలువు, దాని దారిన అదే వస్తుంది.