ముప్ఫయ్యేడో పేజీలో పద్నాలుగు

అవధాన్లు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందుగా కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటారు. ఆ తుడవడం పూర్తయ్యేసరికి అడిగినవాడికి తన ప్రశ్న మీద తనకే అనుమానం వచ్చేస్తుంది. కంపెనీలకు విలువ కట్టడం ఎలాగో విశాఖపట్నంలోని ఒక మేనేజ్‌మెంట్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళుగా నేర్పుతున్నారు గానీ, ఇన్నేళ్ళలో ఒక్క ప్రశ్నకైనా సూటిగా జవాబు చెప్పారని సాక్ష్యం పలికే శిష్యుడు ఇంతవరకూ దొరకలేదు. ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు. ఎవరికి అందినంత వాళ్ళు పట్టుకుపోవాలి.

ఏప్రిల్ చివర ఒక సాయంత్రం, ఆయన దగ్గర చదువుకుంటున్న ఫణీంద్ర గదికి వచ్చాడు. ముంబయిలో ఒక పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో అతనికి వేసవి ఇంటర్న్‌షిప్ దొరికింది. పది వారాల పని. ఎనిమిదిమందిని పిలుస్తారు, నచ్చిన ముగ్గురికి చివరిరోజున ఉద్యోగం కాగితం ఇస్తారు, మిగతావాళ్ళకు చెయ్యి కలిపి టాటా చెబుతారు. ఈ తేడా ఫణీంద్ర నాన్నగారికి ఎక్కలేదు. మావాడికి బ్యాంకులో ఉద్యోగం వచ్చిందని ఆయన గాజువాకలో తమ కాలనీ అంతటికీ అప్పుడే స్వీట్లు పంచేశాడు. కాదు నాన్నా, ఇంకా రాలేదు అని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని ఆ ఉద్యోగం ఎలాగైనా వచ్చి తీరాలి.

బ్యాంకువాళ్ళు తన గురించి ఒక పేజీ రాసి పంపమన్నారు. ఫణీంద్ర ఆ కాగితం మాస్టారి బల్లమీద పెట్టి, ఒకసారి చూసిపెట్టమని అడిగి, తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"మాస్టారూ, అక్కడ పని ఎలా ఉంటుందండీ? వాళ్ళు నన్ను ఉంచుకోవాలంటే నేనేం చెయ్యాలి?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "హిమజ అని, నీకు ఆరేళ్ళ సీనియరు. ఆ అమ్మాయీ అలాంటి చోటికే వెళ్ళింది," అని కాగితం దగ్గరికి లాక్కుని, పెన్నుల డబ్బా తడుముకుంటూ మొదలుపెట్టారు.

హిమజ తలనిండా సూత్రాలు కుక్కుకుని ముంబయిలో దిగింది. వారం తిరిగేసరికి, బ్యాంకుకు కావలసింది తన తలకాయ కాదు, కళ్ళు అని తెలిసిపోయింది. అక్కడ ఏ కంపెనీ యజమానిని కలవాలన్నా ముందు ఎనభై పేజీల పుస్తకం ఒకటి తయారుచేస్తారు. దాన్ని ఇంటర్న్ తయారుచేస్తే అసోసియేట్ చూస్తాడు, ఆయన మీద వైస్ ప్రెసిడెంట్ చూస్తాడు, ఆ పైన మేనేజింగ్ డైరెక్టర్ చూస్తాడు. ముగ్గురూ రాసేది ఒకటే మాట: ప్లీజ్ ఫిక్స్. గీత వెంట్రుకవాసి కిందికి జరిగిందట, ప్లీజ్ ఫిక్స్. అంకెలు వేసే డబ్బా కాస్త ఎడమకు జరగాలట, ప్లీజ్ ఫిక్స్. ఒకరు ఎడమకు జరపమన్నదాన్ని ఇంకొకరు కుడికి జరపమంటే, మూడోనాటికి ఆ డబ్బా పుట్టినచోటికే వచ్చి కూర్చునేది. అందరూ సంతోషించేవారు.

అయిదో వారంలో ఆకివీడు నుంచి రొయ్యల మేత తయారుచేసే కంపెనీ ఒకటి వచ్చింది. షేర్లు జనానికి అమ్మాలని వాళ్ళ ఆలోచన. ముప్ఫయ్యేడో పేజీలో ఒక డబ్బా. ఆ కంపెనీ ఏటా ఎంత శాతం పెరుగుతుందో అందులో వెయ్యాలి. ఆ లెక్క ఇంకా అక్కణ్ణుంచి రాలేదు. ఖాళీగా ఉంటే పేజీ బోసిగా ఉంటుంది, ప్రస్తుతానికి ఏదో ఒకటి పడెయ్యమన్నాడు అసోసియేట్. హిమజ తను ఉంటున్న హాస్టల్ గది నంబరు పద్నాలుగు వేసి, దానికి పసుపు రంగు పూసింది. అంకెకు పసుపు ఉంటే అది ఇంకా తేలలేదు, నమ్మకండి అని అర్థం. అది ఆ బ్యాంకులో ఆచారం.

పుస్తకం తొమ్మిదిసార్లు తిరగరాశారు. పసుపు అలాగే ఉంది. పదోసారి మేనేజింగ్ డైరెక్టర్ కంట్లో పడింది. మన బ్యాంకు రంగులు నీలం, బూడిద. ఈ పసుపు ఎక్కడిది? ప్లీజ్ ఫిక్స్. ఆ మాట వైస్ ప్రెసిడెంట్ మీదుగా, అసోసియేట్ మీదుగా దొర్లుకుంటూ వచ్చి హిమజ ఒళ్ళో పడింది. మరి కంపెనీవాళ్ళ లెక్క వచ్చిందా అని ఆమె అడిగింది. ముందు రంగు సంగతి చూడు అని జవాబు వచ్చింది. చూసింది. పసుపు పోయి నీలం వచ్చేసరికి ఆ పద్నాలుగుకు ఎక్కడలేని హుందాతనం వచ్చిపడింది. మేనేజింగ్ డైరెక్టర్‌కు ఎంత నచ్చిందంటే, తన ఉపన్యాసమంతా దాని చుట్టూ అల్లుకున్నాడు.

కంపెనీ యజమాని విస్సంరాజు గారు మీటింగుకు స్వయంగా వచ్చారు. ఇంటర్న్‌లు పుస్తకాలు మోసుకొచ్చి గోడవార కూర్చోవాలి, నోరు విప్పకూడదు. హిమజ అలాగే కూర్చుంది. మేనేజింగ్ డైరెక్టర్ పద్నాలుగు గురించి పావుగంట మాట్లాడాడు. అంతా విని రాజుగారు, "ఈ పద్నాలుగు మీకెక్కడ దొరికిందండీ?" అని ఇంగ్లీషులో అడిగారు.

మేనేజింగ్ డైరెక్టర్ చిరునవ్వుతో వైస్ ప్రెసిడెంట్ వైపు తిరిగాడు. చాలా లోతుగా చేసిన పరిశీలనండీ అంటూ ఆయన అసోసియేట్ వైపు తిరిగాడు. అసోసియేట్ నాలుగు పేజీలు తిప్పి హిమజ వైపు తిరిగాడు. హిమజ వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

ఉద్యోగం ఇచ్చేదీ మానేదీ ఆ ముగ్గురే. పరిశ్రమ అంచనాలను బట్టి వేశామండీ అనేస్తే చాలు, అందరూ తలలూపి తరవాతి పేజీకి పోతారు. కానీ పసుపు తుడిచిన చెయ్యి తనది. లేచి నిలబడింది. కంగారులో ఇంగ్లీషు ఎటో పోయింది.

"అది మా హాస్టల్ గది నంబరండీ," అంది తెలుగులో.

తెలుగు ఒక్క ముక్క రాని మేనేజింగ్ డైరెక్టర్, సరిగ్గా అదే నా అభిప్రాయం అన్నట్టు గంభీరంగా తలూపాడు.

రాజుగారు బల్ల చరిచి మరీ నవ్వారు. "అదా సంగతి! నిన్న పుస్తకం చూసినకాణ్ణుంచి మా ఇంటావిడ కూడా పొంగిపోతోందమ్మా. మేం పెరిగేది ఏటా ఆరు. రొయ్యకి రోగం తగిల్తే అదీ ఉండదు. రేపు మా ఊళ్ళో సగంమంది ఈ అంకె చూసే గదా షేర్లు కొనేది," అని కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించారు. "పోనీలే, ఆరని మార్చేయ్. ఈళ్ళకేం చెప్పమాక. కుర్రదానివి, నీ ఉజ్జోగం పోద్ది."

యజమాని అంతగా నవ్వడం చూసి మేనేజింగ్ డైరెక్టర్ మురిసిపోయాడు. "అద్భుతం! ఏం చెప్పావేమిటి?" అని ఇంగ్లీషులో అడిగాడు.

తప్పించుకునే దారి ఎదురుగా బార్లా తెరిచి ఉంది. ఆ గదిలో తెలుగు తెలిసిన మరో మనిషి రాజుగారొక్కరే, ఆయనా తన పక్షానే ఉన్నారు. హిమజ గది నంబరు సంగతి, పసుపు సంగతి, మొదటినుంచి చివరిదాకా ఈసారి ఇంగ్లీషులో చెప్పింది. ఆ తర్వాత మూడురోజులపాటు ఆమెకు ఒక్క పేజీ ఇచ్చి ప్లీజ్ ఫిక్స్ అన్నవాడు లేడు. ఆ పదివారాల్లో ఆమె నిజంగా ఏడ్చింది ఆ మూడురోజులే.

ఇక్కడ మాస్టారు ఆగారు. ఫణీంద్ర కుర్చీ అంచుకు జరిగిపోయి ఉన్నాడు.

"ఉద్యోగం వచ్చిందా మాస్టారూ?"

"వచ్చింది."

"హమ్మయ్య! అయితే నిజం చెబితే ఉంచుకుంటారన్నమాట."

"ఇంకో ఇద్దరికీ వచ్చింది. వాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు," అంటూ మాస్టారు కాగితం ఇటు తిప్పి అతని చేతికిచ్చారు.

ఫణీంద్ర చూసుకున్నాడు. కాగితం మధ్యలో, కాలేజీ ఉత్సవానికి విరాళాలు నలభై శాతం పెంచానని తను రాసుకున్న వాక్యం ఉంది. ఆ వాక్యం రాసేటప్పుడు ముప్ఫై అంటే ఆనదని, యాభై అంటే నమ్మరని, నలభై దగ్గర ఆగాడు. అసలు విరాళాలు ఎంత వచ్చాయో అతను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడా నలభై మీద మాస్టారు పసుపు మార్కరుతో నిండుగా పూసి ఉంచారు.

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఇది రేపటికల్లా పంపాలండీ. ఇంత రంగుతో ఎలా పంపను?" అన్నాడు గొణుగుతున్నట్టుగా.

మాస్టారు కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"రంగుదేముంది నాయనా, తుడిచెయ్యడం ఒక్క క్షణం పనేనట. హిమజ చెప్పింది."