రుద్దిన గింజలు

"తప్పులు అందరూ చేస్తారు స్వామీ, తిట్లు మాత్రం నాకొక్కడికేనా?" అని కోదండం అడిగేసరికి అతని మూట కట్టేసి ఉంది. కాలు ఒకచోట నిలవడం లేదు. జవాబు నచ్చకపోతే ఆ పూటే కొండ దిగిపోదామని అతని పంతం.

ఆశ్రమం గురువు చిదంబరయ్యగారు ఏదైనా అడిగితే పని చెప్పే మనిషి. గుప్పెడు కొండవెంపలి గింజలు అతని చేతిలో పోశారు. "రాళ్ళతోటలో విత్తు. మొలిస్తే ఉండు, మొలవకపోతే నీ దారి నీది" అన్నారు.

కొండవెంపలి ఊదాపూలు విరగబూస్తే ఆశ్రమానికే కళ. కానీ ఆ గింజల్లో సగం నిగనిగలాడుతున్నాయి, సగానికి ఒళ్ళంతా గీతలే. 'పాపం, ముసలాయనకి చూపు ఆనడం లేదు' అనుకుని, గీతలు పడ్డవన్నీ ఏరి గోడవతల రాళ్ళగుట్ట మీద పారబోశాడు. నిగనిగలాడేవాటిని రాళ్ళ సందుల్లో ముద్దుగా నాటాడు.

వాన పడింది. ఇక చూడాలి అతగాడి అవస్థ! ముద్ద నోట్లో ఉండగానే లేచి తోటలోకి పరుగు. జపానికి కూర్చుంటే కళ్ళు అటే. మట్టి కెలికి చూస్తే గింజ పెట్టింది పెట్టినట్టే ఉంది. కొన్నాళ్ళకి ఓపిక చచ్చింది. నన్ను సాగనంపడానికే ఈ గొడ్డు గింజలిచ్చాడు అనుకుని మూట భుజాన వేసుకున్నాడు.

గోడ దాటాడో లేదో, రాళ్ళగుట్ట పచ్చగా కనిపించింది. పారబోసినవే మొలిచాయి! పక్కనే గురువుగారు గొంతుక్కూర్చుని ఉన్నారు.

"ఇవి పాడైపోయాయని నేనే పారేశాను స్వామీ" అన్నాడు కోదండం.

"బండమీద రుద్దింది నేనురా. దీని పొట్టు మహా మొండిది. గీత పడందే నీటిచుక్క లోపలికి పోదు."

కోదండానికి తన పొగరూ, తిన్న తిట్లూ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "అయితే స్వామీ, ఆ తిట్లన్నీ నా మంచికే..."

ఆయన మాట పూర్తి కానివ్వలేదు. మొలకల మధ్య వెతికి ఒక గింజ తీసి అతని అరచేతిలో పెట్టారు. పప్పుదాకా అరిగి, కుళ్ళి, నల్లబడి ఉంది. దానివైపు చూడలేక ఆయనే తల తిప్పుకున్నారు.

"ఇదీ నేను రుద్దిందే, నాయనా. ఈసారి శ్రుతి మించితే నా చెయ్యి పట్టుకో."