పంతులు చూపించిన తొమ్మిదిమంది

పిల్లలు పరీక్ష నెగ్గిన బడికి బహుమతి ఇస్తాను, తప్పిన బడిని మూయించేస్తానంటూ దివాను ఊరూరా తిరుగుతున్నాడు. పంతుళ్లంతా చదువు రాని పిల్లల్ని పశువుల కొట్టంలో దాచి, చురుకైనవాళ్లను కూర్చోబెట్టి బహుమతులు కొట్టేశారు. పేరయ్య పంతులు మాత్రం చురుకైనవాళ్లకు సెలవిచ్చి, ఎక్కాలు రాని తొమ్మిదిమందినే ఎదురుగా కూర్చోబెట్టాడు. దివాను వచ్చి అడిగిన ఎక్కం ఒక్కరికీ రాలేదు.

"చదువు వచ్చినవాళ్లే లేరా నీ బడిలో?" దివాను మండిపడ్డాడు.

"ఉన్నారు దొరా, ఇళ్ల దగ్గర ఆడుకుంటున్నారు. వైద్యుడు ఇంటికొస్తే రోగిని చూపిస్తాం గానీ, రోగిని కొట్టంలో దాచి పహిల్వాన్ని చూపిస్తామా?" అన్నాడు పంతులు చేతులు కట్టుకుని.

ఇన్ని ఊళ్లలో తాను చూసింది పహిల్వాన్లనేనని దివానుకు అప్పుడు తట్టింది. ఆ తొమ్మిదిమంది కోసం ఇంకో పంతుల్ని వేయించి, పల్లకి వెనక్కి తిప్పించాడు.

బహుమతి పుచ్చుకున్న పక్కూరి బడి ముందు దిగుతూనే, "ముందు కొట్టం తలుపు తీయండి" అన్నాడు.