నీలం కారు తాళంచెవి

బాజీ మేస్త్రిని ఏ సందేహం అడిగినా నోటితో జవాబు రాదు, తాళంచెవి వస్తుంది. క్లచ్ అరిగిందో లేదో ఎలా తెలుస్తుందని ఒక శిష్యుడు అడిగితే, ఆయన మూలనున్న పాత వ్యాను తాళంచెవి అతని చేతిలో పెట్టి, ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కి దిగి రమ్మన్నారట. సగం కొండ ఎక్కి మొరాయించిన వ్యానుని నలుగురి చేత నెట్టించుకుంటూ తిరిగొచ్చిన ఆ శిష్యుడు జన్మలో మళ్ళీ క్లచ్ గురించి ఎవరినీ అడగలేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఆయన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ ఇలాంటి కథ ఒకటుంది. ఇది కోటిలింగం కథ.

కోటిలింగం పద్దెనిమిదేళ్ళు మేస్త్రి దగ్గర పనిచేసి, ఆ తర్వాత నాలుగు వీధుల అవతల సొంత షెడ్డు పెట్టుకున్నాడు. షెడ్డంటే ఒక రేకుల కప్పు, దాని కింద ఒక గొయ్యి. బండిని గోతి మీద నిలబెట్టి, కిందికి దిగి పనిచెయ్యాలి. తవ్వేటప్పుడు రాయి తగలడంతో ఆ గొయ్యి అతని ఛాతీ లోతు దగ్గరే ఆగిపోయింది. ఎనిమిదేళ్ళు అందులో వంగి వంగి పనిచేసినందుకు, నలభై నిండకుండానే, పొద్దున మంచం దిగాలంటే భార్య సుగుణ చెయ్యి అందివ్వాల్సి వస్తోంది. రేకుల కప్పు ఎత్తించి, బండిని తలకన్నా ఎత్తుకి లేపే హైడ్రాలిక్ లిఫ్టు ఒకటి బిగించుకుని, నిటారుగా నిలబడి పనిచేసుకోవాలని ఆ ఇద్దరూ ఆరేళ్ళుగా డబ్బు కూడబెడుతున్నారు. తీరా డబ్బు సరిపోయే వేళకి మేస్త్రి షెడ్డుకి నీలం కారొచ్చింది.

అది జర్మనీలో తయారైన కారు. వయసు తొమ్మిదేళ్ళు. కొత్తలో దాని ధరకి పటమట పక్కన మంచి ఇల్లే వచ్చేది. దాన్ని కొన్న కాంట్రాక్టరు ఇప్పుడు అమ్మిపెట్టమని మేస్త్రికి అప్పగించి వెళ్ళాడు. అడుగుతున్న ధర కోటిలింగం లిఫ్టు డబ్బుకి సరిగ్గా సరిపోతుంది. అతను మొదటిరోజు దాని ఇంజను చప్పుడు విన్నాడు. రెండోరోజు పనేమీ లేకపోయినా వచ్చి మళ్ళీ విన్నాడు. నాలుగోరోజు మేస్త్రి ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గురువుగారూ, ఆ బండి నేను తీసుకోవచ్చంటారా? లిఫ్టు ఇంకో రెండేళ్ళాగినా నష్టం లేదు. ఇలాంటి బండి కొన్నవాళ్ళంతా రిపేర్లకి పెట్టలేక అమ్ముకుంటారు. నాకా బాధ లేదు కదండీ. పని నా చేతిలోనే ఉంది. నాకిక ఖర్చేముంటుంది?"

ఈ మాట మెకానిక్ తప్ప ఇంకెవరూ అనరు. మామూలు మనిషి అలాంటి బండి కొనడానికి భయపడేది మెకానిక్ కూలికే. మెకానిక్కి ఆ ఒక్క భయమూ ఉండదు కాబట్టి ఇంకే భయమూ ఉండదు.

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టి, గోడకున్న మేకు మీంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టారు. "వారం రోజులు నీ దగ్గర ఉంచుకో. కాంట్రాక్టరుగారితో నేను చెప్తాలే, తిరుగుతుంటే బ్యాటరీ అయినా చావకుండా ఉంటుంది," అన్నారు. కోటిలింగం గుమ్మం దాటుతుండగా ఇంకో మాట అన్నారు. "నీ మోపెడ్ ఇక్కడ పెట్టి వెళ్ళు."

మర్నాడు ఆదివారం. కోటిలింగం సుగుణని ఎక్కించుకుని ఏలూరు రోడ్డు పట్టాడు. ఊరు దాటాక కాలు కాస్త నొక్కాడు. ఆ బండి ఎలా దూకిందో చెప్పడం నా వల్ల కాదు. సుగుణ ముందు భయపడింది, తర్వాత నవ్వింది, హనుమాన్ జంక్షన్ వచ్చేసరికి ఇంకొంచెం దూరం వెళ్దామంది. కోటిలింగానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నవ్వకండి. పదకొండో ఏటి నుంచి జనం కార్ల కింద గ్రీజు పూసుకుంటూ బతికిన మనిషి అతను. స్టీరింగు పట్టుకుని, పక్కన పెళ్ళాన్ని కూర్చోబెట్టుకుని, ఎవరికీ తిరిగి అప్పజెప్పక్కర్లేదన్నట్టు ఒక కారు నడపడం అతనికి అదే మొదటిసారి. ఆ సంతోషంలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు.

సోమవారం నుంచి మామూలు రోజులు మొదలయ్యాయి. మెకానిక్కి రోజుకి పదిసార్లు స్పేర్‌పార్ట్స్ కొట్టుకీ లేతు మిషను షాపుకీ తిరిగే పని ఉంటుంది. మోపెడ్ మీదైతే ముందు ఒక గేర్‌బాక్సు, వెనక రెండు టైర్లు పెట్టుకుని సందుల్లోంచి దూసుకుపోయేవాడు. నీలం కారు డిక్కీలో గేర్‌బాక్సు పట్టలేదు. వెనక సీటు తోలు చిరగకుండా సుగుణ కప్పుకునే దుప్పటి పరిచి, దాని మీద గేర్‌బాక్సుని పసిబిడ్డలా పడుకోబెట్టాడు. బండి పొట్ట నేలకి జానెడు ఎత్తులో ఉంది. ఆటోనగర్‌లో ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో అతనికి ఆ వారమే తెలిసింది. ప్రతి దాని ముందూ ఆగి, బండిని ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రం దించుకుంటూ వెళ్ళాలి. వెనక లారీవాళ్ళు వినరాని మాటలన్నీ అన్నారు. పెట్రోలు లీటరుకి ఆరు కిలోమీటర్లు వచ్చింది, అదీ ఖరీదైన రకం పోస్తేనే. మంగళవారం ఒక గుంటలో పడి టైరు పక్కన నిమ్మకాయంత బొడిపె లేచింది. అలాంటి టైరు ఒకటి ఎంతని అడిగి తెలుసుకుని, అది తన షెడ్డుకి రెండు నెలల అద్దె అని లెక్క తేలాక, ఆ సంగతి సుగుణకి చెప్పలేదు.

జనం కూడా మారిపోయారు. పదేళ్ళుగా నిలబెట్టే మాట్లాడిన స్పేర్‌పార్ట్స్ భావనారాయణ ఆ బండి చూసి కుర్చీ వేయించి సోడా తెప్పించాడు, ఎప్పుడూ ఇచ్చే తగ్గింపు మాత్రం ఇవ్వలేదు. స్కూలు వ్యాను నడిపే సాంబయ్య కోటిలింగానికి మొదటి రోజుల నుంచీ ఉన్న గిరాకీ. బిల్లు చూసి, బయటున్న కారు చూసి, మళ్ళీ బిల్లు చూశాడు.

"నీకేం కోటీ, దొరవయ్యావు. ఇందులో ఆ బండి పెట్రోలు కూడా కలిపావా ఏంటి?" అన్నాడు. వేళాకోళంగానే అన్నా, ఆ రోజు డబ్బు ఇస్తున్నప్పుడు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం స్టీరింగు వెనక మీటర్ల మధ్య ఎర్ర దీపం వెలిగింది. కింద చూస్తే నీళ్ళు కారుతున్నాయి. కోటిలింగం బెదరలేదు సరికదా, లోపల్లోపల ముచ్చటపడ్డాడు. తన చేతి పని చూపించుకునే అవకాశం వచ్చింది. బండిని గోతి మీదికి ఎక్కించి కిందికి దిగాడు. పగిలింది అరచేతిలో పట్టే ప్లాస్టిక్ గొట్టం. దాని దగ్గరికి చెయ్యి పోవాలంటే ముందు బంపరు విప్పాలి, తర్వాత రేడియేటరు దించాలి, ఆపైన అతను ఎప్పుడూ చూడని నాలుగు బ్రాకెట్లు ఊడదియ్యాలి. శుక్రవారం సాయంత్రానికి గొట్టం బయటికి వచ్చింది. కొత్తది చెన్నై నుంచి రావాలన్నారు. సోమవారం వస్తుందన్నది బుధవారం వచ్చింది.

ఆ ఐదు రోజులూ ముక్కు ఊడిన నీలం కారు గోతి మీదే ఉంది. కదిపే వీల్లేదు. ఉన్నది ఒకటే గొయ్యి. సాంబయ్య వ్యాను బ్రేకులు పట్టడం లేదని పరుగున వచ్చాడు. పిల్లల బండి, ఆపడానికి లేదు. ఎదురుగా ఉన్న షెడ్డులో చూపించుకోమని కోటిలింగమే చెప్పాల్సి వచ్చింది. "అలాగేలే," అని వెళ్ళినవాడు ఆ తర్వాత నెలలో వ్యాను సర్వీసింగు కూడా అక్కడే చేయించుకున్నాడు. కూరగాయల ట్రక్కువాడు వచ్చి చూసి వెళ్ళిపోయాడు. ఒక టాక్సీ అతను కాసేపు నిలబడి, కారు అందానికి నాలుగు మెచ్చుకోలు మాటలు చెప్పి, అతనూ వెళ్ళిపోయాడు.

బుధవారం గొట్టం బిగిస్తుండగా కోటిలింగం నడుం పట్టేసింది. గోతిలోంచి పైకి రాలేకపోయాడు. అన్నం క్యారియర్ తెచ్చిన సుగుణ, పక్క షెడ్డు వాళ్ళని పిలిచి, చంకల కింద చేతులు వేయించి బయటికి లాగించింది. బల్ల మీద పడుకోబెట్టి నడుముకి మందు రాస్తూ, ఎత్తించాలనుకున్న ఆ రేకుల కప్పు వైపు ఒకసారి చూసింది. కోటిలింగం ఆ చూపు చూశాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

వారం అనుకున్నది పదమూడో రోజయ్యింది. కారుని తుడిచి, తళతళలాడించి మేస్త్రి షెడ్డులో నిలబెట్టాడు.

"ఎలా ఉంది?" అన్నారు మేస్త్రి.

"మంచి బండి, గురువుగారూ. చాలా మంచి బండి," అన్నాడు కోటిలింగం. తాళంచెవిని తనే మేకుకి తగిలించి, మోపెడ్ తీసుకుని వెళ్ళిపోయాడు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. గురువు మీద కోపం కూడా వచ్చింది. ఆయనకి ముందే తెలుసు, ఒక్క మాట చెప్తే పోయేది కదా అనుకున్నాడు. ఆ ఆదివారం ఏలూరు రోడ్డుని మర్చిపోవడానికి మాత్రం అతనికి చాలా రోజులు పట్టింది. అసలు మర్చిపోయాడని నేను చెప్పలేను.

దసరా వెళ్ళేసరికి షెడ్డు కప్పు నాలుగడుగులు లేచింది. గొయ్యి పూడ్చి, కాంక్రీటు పోసి, రెండు స్తంభాల లిఫ్టు నిలబెట్టారు. కోటిలింగం ఇప్పుడు పొద్దున తనంతట తనే మంచం దిగుతున్నాడు. సాంబయ్య కూడా తిరిగొచ్చాడు, పిల్లల బండిని లిఫ్టు మీద చూసి ఫోటో తీసుకున్నాడు.

అలా ఉండగా ఒకరోజు షెడ్డు ముందు నీలం కారు ఆగింది. చప్పుడు వినగానే కోటిలింగం చేతిలో స్పానరు ఆగిపోయింది. దిగినాయన పళ్ళ డాక్టరు చక్రపాణి. కాంట్రాక్టరు దగ్గర ఆయనే కొన్నాడు. మంచి మనిషి. మాట్లాడుతూ మాట్లాడుతూనే జేబురుమాలుతో అద్దం మీద దుమ్ము తుడిచాడు.

"స్పీడు అందుకుంటే ముందు చక్రం దగ్గర ఏదో మూలుగుతోందండీ. ఇది ఈ నెల్లో మూడో షెడ్డు. మీకు ఈ బండి బాగా తెలుసని బాజీ మేస్త్రిగారు పంపారు. ఎంతైనా పర్లేదు, దీన్ని మాత్రం బాగుచెయ్యండి," అన్నాడు.

కోటిలింగం దాన్ని లిఫ్టు మీద పైకి లేపి, దాని కింద నిటారుగా నిలబడ్డాడు. చక్రం బేరింగు పోయింది. డాక్టరు పొద్దున నుంచి స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. మధ్యాహ్నం మూడింటికి బేరింగు బిగించడం అయిపోయింది కానీ, మూలుగు పోయిందో లేదో రోడ్డు మీద వేగంగా నడిపి చూస్తేగాని తెలియదు. డాక్టరు గడియారం చూసుకున్నాడు.

"క్లినిక్‌లో పేషెంట్లు కూర్చుని ఉంటారు. మీరు నిదానంగా హైవే మీద చూసుకోండి. సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను," అని బ్యాగు చంకన పెట్టుకుని ఆటోల కోసం మెయిన్ రోడ్డు వైపు నడిచాడు.

అప్పుడే టీకని వచ్చిన బాజీ మేస్త్రి, ఎవరూ పిలవకుండానే, వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నారు. కోటిలింగం కారుని మళ్ళీ ఏలూరు రోడ్డు ఎక్కించాడు. కాలు నొక్కాడు. మూలుగు లేదు. ఇంజను శబ్దం ఒకటే, ఆ ఆదివారం విన్నదే. గన్నవరం దాకా వెళ్ళి వెనక్కి తిప్పారు. కోటిలింగం మొహంలో నవ్వు ఆగడం లేదు. దాన్ని దాచుకోవాలని కూడా అతనికి తోచలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఊరి మొదట్లో సిగ్నల్ పడింది. పక్కనే ఒక షేరాటో వచ్చి ఆగింది. వెనక సీట్లో గోంగూర మూట పెట్టుకున్న ఆవిడకీ, గ్యాస్ సిలిండరు పట్టుకున్న మనిషికీ మధ్య, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఇరుక్కుని కూర్చున్నాడు డాక్టరు చక్రపాణి. ఆటో దొరకడానికి ఇంతసేపు పట్టినట్టుంది. నీలం కారుని చూసి ఆయన మొహం వెలిగిపోయింది. పక్కనున్న ఆవిడకి వేలు పెట్టి చూపించి ఏదో చెప్పాడు. తర్వాత సిలిండరు మీదుగా అతికష్టం మీద చెయ్యి బయటికి తీసి ఊపాడు.

కోటిలింగం చూపు తిప్పుకుందామనుకున్నాడు.

"అద్దం దించు కోటీ," అన్నారు మేస్త్రి. "ఓనరుగారు పలకరిస్తున్నారు."