మట్టి పెట్టని గూడు

ఈతకోన అడవిలో నెమళ్లు, కుందేళ్లు, ఉడుతలు ఉండేవి. వాగు ఒడ్డున ఈత చెట్ల మీద గిజిగాళ్లు ఉండేవి. గూడు అల్లడంలో గిజిగాడికి సాటి ఎవరు? ఆ సంగతి అందరికంటే బంగారయ్య అనే గిజిగాడికే ఎక్కువ తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎండాకాలం చివర బంగారయ్య పచ్చి గడ్డిపోచలతో గూడు మొదలుపెట్టాడు. మగపిట్ట సగం గూడు అల్లి పిలవాలి, ఆడపిట్టకు అది నచ్చితేనే కాపురం. గిజిగాళ్ల ఆచారం అది. మువ్వ అనే ఆడపిట్ట రావాలని బంగారయ్య ఆశ.

మువ్వ వచ్చింది. గూట్లో దూరి, గోడలను ముక్కుతో పొడిచి చూసింది.

"అల్లిక బాగుంది. లోపల మట్టి ఏదీ?" అని అడిగింది.

"ఇంత అందమైన గూటికి బురద పూయమంటావా?"

"బరువు లేని గూడు గాలికి ఆగదు. నీ గూడు నాకు నచ్చింది. మట్టి పెట్టు, వస్తాను," అని చెప్పి మువ్వ ఎగిరిపోయింది.

పక్కనే సింగన్న అనే గిజిగాడు తన వంకర గూట్లో మట్టి ముద్దలు మెత్తుతున్నాడు.

"అది గూడా, కుండా?" అని నవ్వాడు బంగారయ్య.

"కుండే అనుకో. ఎగిరిపోకుండా ఉంటే చాలు," అన్నాడు సింగన్న.

బంగారయ్య మట్టి తేలేదు. గూటిని ఇంకా అందంగా అల్లాడు. అది చూసి మువ్వ మనసు మార్చుకుంటుందని అతని నమ్మకం. రోజంతా వాగు అవతలికి చూసేవాడు. రెక్కల చప్పుడైతే చాలు, తల తిప్పేవాడు. మువ్వ కోసం బెంగపడ్డాడు గానీ ముక్కుకు మట్టి అంటించుకోవడానికి మాత్రం మనసొప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. ఉరుములతో ఈదురుగాలి విరుచుకుపడింది. పెద్ద పెద్ద చెట్లు కూలాయి. కుందేళ్లు బొరియల్లో ఒదిగిపోయాయి. బంగారయ్య గూడు గిరగిరా తిరిగి, తెగి, వాగులో పడి కొట్టుకుపోయింది. సింగన్న గూడు ఊగింది గానీ తెగలేదు.

వాన వెలిశాక మువ్వ వచ్చింది. బంగారయ్య గూడు వేలాడిన ఈతాకు మీద కాసేపు కూర్చుంది.

"నీ గూట్లోనే ఉండాలనుకున్నాను బంగారయ్యా," అంది. తర్వాత సింగన్న గూట్లోకి వెళ్లింది.

బంగారయ్య వాగు ఒడ్డున వాలి, మొదటిసారి ముక్కుతో తడి మట్టి తీశాడు. పెట్టడానికి గూడు లేదు. పక్క గూట్లోంచి మువ్వ గొంతు వినబడింది. తానూ పలకాలనుకున్నాడు గానీ, ముక్కు నిండా మట్టి ఉండడంతో పలకలేకపోయాడు.

నీతి: మనల్ని కోరుకున్నవారి మాటను గాలికి వదిలేస్తే, ఆ గాలే మన గూటిని పట్టుకుపోతుంది.