చెయ్యి కడుక్కునేదాకా

ఆ ఒక్క మాట చూస్తే చాలు, చెన్నకేశవులుకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది. కంప్యూటరు తెర మీద పైనుంచి కిందిదాకా గడి తర్వాత గడిలో అదే మాట: "ఇవ్వబడలేదు." ఎవరివ్వలేదు, ఎందుకివ్వలేదు అని అడిగితే చెప్పే నాథుడు లేడు.

గుంతకల్లు జంక్షను దాటి బళ్లారి దారిలో కొంతదూరం పోతే బుడన్ సాబు మఠం వస్తుంది. సూఫీల మఠం. ఎక్కడెక్కడి రైళ్లలోనో కొట్టుకొచ్చి, పేరూ ఊరూ మరిచిపోయి స్టేషన్లో తిరిగే మతి చెదిరిన మనుషులకు అదే ఇల్లు. వాళ్లకోసం వాళ్ల ఇళ్లవాళ్లు వెతుక్కుంటూ ఉంటారు కదా అని ఒక్కొక్కరికి ఒక్కో పేజీతో వెబ్‌సైటు తయారుచేసింది ఈ చెన్నకేశవులే. మఠంలో అందరికీ కేశవ.

కేశవ బెంగుళూరులో పెళ్లిమండపాలకూ పరుపుల షాపులకూ ఇంటర్నెట్లో వెతికితే ముందు కనబడేలా వెబ్‌సైట్లు పైకి లేపే ఉద్యోగం చేసి, దాని మీద విరక్తి పుట్టి సాబు దగ్గర శిష్యుడిగా చేరాడు. విరక్తి ఉద్యోగం మీదే పుట్టింది. ఉద్యోగం నేర్పిన గర్వం మీద పుట్టలేదు.

"జనం ఏ మాట కొడితే ఏ పేజీ పైకొస్తుందో నన్నడుగు సామీ," అనేవాడు. మఠంలో అందరూ సాబును సాబు అనే పిలుస్తారు. కేశవ మాత్రం సామీ అంటాడు. వాళ్ల ఊళ్లో పీర్లకు అలాగే మొక్కుతారు మరి.

సాబు నవ్వేవాడు.

ఇప్పుడు వచ్చిన చిక్కంతా ముద్దవ్వ పేజీతో. ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. అన్నం ముందు కూర్చుంటే మొదట ఒక ముద్ద కలిపి విస్తరి అంచున పెట్టి, ఆ తర్వాతే తాను తింటుంది. ఆ ముద్ద ఎవరికని అడిగితే ఉలుకూ పలుకూ ఉండదు. అందుకని ముద్దవ్వ అయింది. ఈ మధ్య ఆమె తినేది తగ్గిపోయింది. పక్కన పెట్టే ముద్ద మాత్రం తగ్గలేదు.

ఆమె పేజీని కేశవ పద్ధతిగా రాశాడు. ఫొటో, వయసు, ఎత్తు, చామనఛాయ, ఎడమ చెంప మీద మచ్చ, మానసిక స్థితి. అంతా చదివించుకుని సాబు ఒకటే అడిగాడు.

"ముద్ద సంగతి రాయలేదే?"

"అదెవురు వెతుకుతారు సామీ? జనం 'తప్పిపోయిన వృద్ధురాలు' అని వెతుకుతారు గానీ."

"రాయి."

పెద్దాయన మాట కొట్టేయలేక, అన్నిటికీ అడుగున, చిన్న అక్షరాల్లో ఒక ముక్క తగిలించాడు: అన్నం తినేముందు ఒక ముద్ద పక్కన పెడుతుంది.

కొన్నాళ్లుగా ఆ పేజీని ఆదోనిలో ఎవరో తెరుస్తున్నారు. దాదాపు రోజూ తెరుస్తున్నారు. చాలాసేపు చూస్తారు, వెళ్లిపోతారు. కింద మఠం ఫోను నంబరు పెద్దక్షరాల్లో ఉంది. ఫోను మాత్రం రాదు.

ఎవరు వాళ్లు? అవ్వకు ఏమవుతారు? వాళ్లు ఏ మాటలు అడిగి ఈ పేజీకి వచ్చారో తెలిస్తే చాలు, ఆ మాటల్లోనే అవ్వ పేరుండొచ్చు, వీధి ఉండొచ్చు. కానీ వెతికిపెట్టే కంపెనీవాళ్లు మనిషి ఏ ఊరివాడో చెబుతారు, ఎంతసేపు ఉన్నాడో చెబుతారు, చేతిలో ఉన్నది ఏ ఫోనో కూడా చెబుతారు. ఏం అడిగి వచ్చాడో మాత్రం చెప్పరు, ఆ గడిలో "ఇవ్వబడలేదు" అని పడేస్తారు. అది అడిగినవాడి సొంత గుట్టట! పదిమందీ అడిగే మాటలైతే ఇంకో నివేదికలో కాస్త కనబడతాయి. ఎక్కడో ఒక్కరు అడిగిన మాటను అక్కడా దాచేస్తారు. కేశవకు కావలసిందేమో ఆ ఒక్కరి మాటే.

ఊరుకోలేదు కేశవ. దాచిన మాటలు వెలికితీస్తామని డబ్బా కొట్టుకునే సాఫ్ట్‌వేరు ఒకటి తెచ్చాడు. అది రాత్రంతా గానుగాడి, తెల్లారేసరికి "వృద్ధాశ్రమం ఫీజు ఎంత" అని తేల్చింది. కొండను తవ్వితే ఎలుక దొరికినా బాగుండేది.

చివరికి ఒక ఉపాయం పన్నాడు. పేజీ తెరవగానే ముందొక పెట్టె అడ్డమొచ్చేలా చేశాడు. మీ పేరు? ఫోను నంబరు? ఈమె మీకు ఏమవుతుంది? ఏ మాటలతో వెతికారు? అన్నీ నింపితే గానీ అవ్వ ముఖం కనబడదు.

ఆదోని మనిషి వచ్చింది. పెట్టె చూసింది. వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆ వారమంతా కేశవ తెర ముందు గుడ్లప్పగించి కూర్చున్నాడు. ఆదోని అనే మాట మళ్లీ కనబడితే ఒట్టు.

ఉన్నది కూడా పోయింది. తలప్రాణం తోకకొచ్చి సాబు గదిలోకి విసవిసా వెళ్లాడు.

"ఏం మనుషులు సామీ వీళ్లు! రోజూ వచ్చి తొంగి చూస్తారంట, ఒక్క మాట చెప్పనీక నోరు పడిపోయిందా? మనమేమన్నా వాళ్ల ఆస్తి రాసియ్యమన్నామా? పేరు చెప్పండి, ఏమైతారో చెప్పండి అన్నాం. తప్పా అది? ఆడ కంపెనీ వాళ్లు చెప్పరు, ఈడ వీళ్లు చెప్పరు! ఈ అవ్వ ఇట్లే పోతుంది సామీ, పేరు కూడా లేకుండా!"

కోపంతో వచ్చినవాడు కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

సాబు అంతా విన్నాడు. పక్కనున్న కర్ర అందుకుని లేచాడు.

"అన్నం పొద్దయింది. పా," అన్నాడు.

ఆ మఠంలో లంగరుకు, అంటే అందరూ బంతిలో కూర్చుని తినే భోజనానికి, ఒక కట్టుబాటుంది. వచ్చినవాణ్ణి చెయ్యి కడుక్కునేదాకా ఏమీ అడగకూడదు. పేరు, కులం, ఊరు, వచ్చిన పని, ఏదీ. దొంగైనా సరే, ముందు తినాలి. మఠం పెట్టిన పెద్ద సాబు కాలం నుంచీ అంతే. ఆ బంతిలో ఎన్నోసార్లు వడ్డించిన కేశవకు ఆ సంగతి కొత్తేమీ కాదు.

కేశవ ముఖం కడుక్కుని వచ్చేసరికి లంగరు గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని సాబు కూర్చుని ఉన్నాడు. లోపల్నుంచి పప్పుచారు తాలింపు వాసన కొడుతోంది. పొద్దుటినుంచీ కేశవ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

"పేరేంది?" అన్నాడు సాబు.

"సామీ?"

"నీ పేరు."

"కేశవ సామీ. నేను!"

"ఫోను నంబరు?"

"సామీ, ఆకలైతాంది."

"ఈ కూడుకు నువ్వేమైతావు?"

కేశవ పక్కనుంచి దూరబోయాడు. సాబు కర్ర అడ్డం పెట్టాడు.

"ఏ మాట అనుకోని ఈడికొచ్చినావు? ఆకలి అనుకోని వచ్చినావా, అన్నం అనుకోని వచ్చినావా, పప్పుచారు అనుకోని వచ్చినావా? సరిగ్గా చెప్పల్ల. చెప్తేనే లోపలికి."

వెనక బంతికి వచ్చినవాళ్లు పోగవుతున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. కేశవ ముఖం జేవురించింది.

"నాకొద్దు సామీ నీ కూడు!"

గిర్రున తిరిగి వెళ్లి, వంటింటి వెనక రాతిమెట్టు మీద కూలబడ్డాడు. ఇంత అన్నానికి ఇంత విచారణా? ఊరుగాని ఊళ్లో హోటలువాడు కూడా ఇలా అడగడే. ఆకలి సంగతి అటుంచితే, అందరిముందూ అంతలా నిలదీసి అడగడం...

ఆ ఆలోచన సగంలోనే ఆగిపోయింది.

కాసేపటికి సాబే విస్తరి పట్టుకుని వచ్చాడు. మెట్టు మీద పెట్టి, ఒక్క మాటా అనకుండా కర్ర ఊతంతో వెళ్లిపోయాడు. కేశవ తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. తిన్నగా వెళ్లి కంప్యూటరు తెరిచి, ఆ పెట్టెను పీకేశాడు.

ఆదోని వెంటనే తిరిగి రాలేదు. బెదిరిన పిట్ట అంత తొందరగా వాలదు. కొన్నాళ్లకు మళ్లీ కనబడింది. వచ్చింది, చూసింది, వెళ్లింది. పక్కన మళ్లీ అదే మాట, "ఇవ్వబడలేదు." కేశవకు ఒళ్లు మండింది. పళ్లు కొరుక్కుని, ముట్టుకోకుండా వదిలేశాడు.

ఒక శుక్రవారం బంతి కూర్చునే వేళకు ఒకామె గేటు దగ్గర నిలబడింది. ముప్పై దాటి ఉండొచ్చు. ముఖం సగానికి కొంగు లాక్కుని, లోపలికి రావాలా వద్దా అన్నట్టు అక్కడే తచ్చాడుతోంది. చేతిలో బట్టల షాపు సంచి. దాని మీద కేశవ ఆదోని అన్న మాట చదివాడు.

నోటిదాకా వచ్చిన ప్రశ్నలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. వెనక ఎక్కడో సాబు దగ్గాడు.

"రాక్కా," అన్నాడు కేశవ. "అన్నం తిందువు రా."

ఆమె వచ్చింది. బంతిలో ఒకే ఒక్క చోటు ఖాళీగా ఉంది, ముద్దవ్వ పక్కన. ఆమె అక్కడ కూర్చుంది. కూర్చున్నాక తల ఎత్తలేదు. కేశవ విస్తరి వేసి, అన్నం పెట్టి, పప్పుచారు పోశాడు.

అవ్వ ఎప్పట్లాగే ముద్ద కలిపింది. విస్తరి అంచున పెట్టింది.

పక్కన కూర్చున్నామె ఆ ముద్దకేసి చూసింది. ఎంతసేపు చూసిందో ఏమో. మెల్లగా చెయ్యి చాచి దాన్ని తీసుకుంది. నోట్లో పెట్టుకుంది.

అవ్వ తల తిప్పలేదు. ఖాళీ అయిన చోటు చూసుకుని, ఇంకో ముద్ద కలిపి అక్కడే పెట్టింది.

బంతి లేచింది. కేశవ చెంబుతో నీళ్లు పోస్తుంటే ఆమె చెయ్యి కడుక్కుంది. కేశవ ఏమీ అడగలేదు. ఆమే చెప్పింది.

"మాయత్త. హులిగమ్మ. నా పేరు మాదేవి." ఒక్కసారి మొదలయ్యాక ఇక ఆగలేదు. "కొత్తకోడల్ని కదా, అందరూ తిన్యాక తినల్ల. కుండలో మిగిలేది కాదు. అందుకని తన విస్తట్లోది ఒక ముద్ద నాకు తీసిపెడతాండె. ఏండ్లపొద్దు తిన్యా. ఒకనాడు ఏదో మాటామాటా వచ్చి, నీ ఎంగిలి ఎవురికి కావల్ల అని ఆ ముద్ద తీసి ఆమె మొగం మీద కొట్టినా. తెల్లారేతలికి ఇంట్లో లేదు."

కేశవ చెంబు కింద పెట్టాడు.

"కూడబలుక్కోని చదువుతా గానీ, నాకు రాయనీకి రాదు సామీ. ముద్ద పక్కన పెట్టే అత్త యాడుంది అని ఫోన్లో నోటితోనే అడుగుతాంటి. రోజూ అదే అడుగుతాంటి. ఒకనాడు ఈ మొగం వచ్చింది. ఫోను చేద్దామంటే, నువ్వేమైతావు అని అడుగుతారు కదా. ఏమని చెప్పేది? మద్దెలో నిజంగానే అడిగింది ఈ ఫోను. బయపడి మూసేసినా."

కేశవ తల దించుకున్నాడు. దించుకున్న తల మళ్లీ ఎత్తేసరికి మాదేవి అక్కడ లేదు. అవ్వ ముందు గొంతుక్కూచుని, ఆమె ఎంగిలి చేతిని తన కొంగుతో తుడుస్తోంది.

"యత్తా. హులిగమ్మత్తా."

ఆ పేరు విని అవ్వ మొదటిసారి తల ఎత్తింది. కోడలి ముఖంలోకి చూసింది.

"తిన్యావా?" అంది.

సాయంత్రం వాళ్లిద్దరినీ ఆదోని బస్సెక్కించి వచ్చాక కేశవ సాబు పక్కన కూర్చున్నాడు.

"అవ్వ పేజీ తీసేయల్ల సామీ," అన్నాడు. "మన వెబ్‌సైట్లో జనం ఎక్కువగా చూసేది అదే. తీసేస్తే చూసేవాళ్ల లెక్క పడిపోతాది."

సాబు తస్బీ పూసలు తిప్పుతూనే ఉన్నాడు.

"పడనీ," అన్నాడు.