ఓబులేసు పెట్టిన కాపలా

నిమిషం తిరిగేసరికి పాట మళ్ళీ ముక్కలైంది.

ఓబులేసుకు ఏడుపొక్కటే తక్కువ. కంప్యూటర్ తెర మీద ప్రాసెసర్ ఎంత పనిలో ఉందో చూపే గీత అంతసేపూ అడుగునే పడి ఉంటుంది. ఉన్నట్టుండి వందకు ఎగబాకుతుంది. పది సెకన్లు అక్కడే నిలబడి, ఏమీ ఎరగనట్టు దిగిపోతుంది. ఆ పది సెకన్లలో లాల్‌సాబు గొంతు తెగి, అతికి, మళ్ళీ తెగుతుంది.

ఆదోనిలో పరుపులు కుట్టే కాశింపీరా ఇల్లది. తత్వాలు పాడే లాల్‌సాబు ఆయనకు గురువు. కాశింపీరా ఓబులేసుకు గురువు. లాల్‌సాబు పోయి ముప్ఫయ్యేళ్ళయింది. ఆయన పాడిన క్యాసెట్లు అటక మీద బూజు పడుతుంటే, ఓబులేసు రెండేళ్ళు కూర్చుని ఒక్కొక్కటే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. దానికి పెద్ద స్పీకరు తగిలించాడు. ఏ తత్వం కావాలన్నా పేరు నొక్కితే చాలు, ఇల్లంతా మోగాలి. మంచి పనే, నేను కాదనను. కానీ చేసినవాడు ఊరికే ఉంటాడా? "ఇంక పెద్దసామి గొంతుకు నేనే కాపలా" అని కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఆ గొంతు వినడానికే ఇవాళ పత్తికొండ నుంచి లాల్‌సాబు కూతురు ఇమాంబీ వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఒక చెవి ఎప్పుడో పోయింది. రెండోదీ నెలా రెండు నెలలే అన్నాడట డాక్టరు. ఫోను చెవికి ఆనించినా ఆమెకు వినపడదు. ఆ పెద్ద స్పీకరే దిక్కు. ఐదుంపావుకు ఆమె బస్సు. అప్పుడే నాలుగు దాటింది.

ఒక తత్వం చివర నాయన తనను పేరు పెట్టి పిలిచాడని ఆమెకు గుర్తు. ఆ పిలుపు ఒక్కసారి వినాలి. ఆమె అడిగింది అంతే.

పాట తెగినప్పుడల్లా ఆమె తన చెవినే అరచేత్తో తట్టుకుంటోంది.

"నా చెవే పాయినట్టుంది నాయనా. మీరేం దిగులు పడాకండి."

ఓబులేసు ఆమె చెవి దగ్గరికి వంగాడు. "నీ చెవి కాదవ్వా! ఈ పాడు మిషను..." అని బిగ్గరగా అరిచాడు.

ఏం చేయలేదని? మూత విప్పి దుమ్ము ఊదాడు. టేబుల్ ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టాడు. ఆపి మళ్ళీ వేశాడు. మొన్న సోమవారం కొత్త పాటలు చేర్చినప్పుడు ఒక్కసారే ఒక్కసారి ఇట్లా తడబడింది. పాటలు చేరితే మిషను మొత్తం లెక్క చూసుకుంటుంది, మామూలే. ఓబులేసు మాత్రం ఆ రోజే ఒక చిన్న ప్రోగ్రాము రాసి కాపలా పెట్టాడు. ప్రాసెసర్‌ను ఎవరెంత వాడుకుంటున్నారో నిమిషానికోసారి చూసి రాసిపెట్టడం దాని పని. అయినా దొంగ దొరకలేదు.

ఇప్పుడు దాన్ని అరనిమిషానికోసారి చూడమన్నాడు. పాట అరనిమిషానికోసారి తెగడం మొదలైంది. రోగం ముదిరిందిరా దేవుడా అనుకున్నాడు తప్ప, మహానుభావుడికి ఇంకేమీ తట్టలేదు.

ఇమాంబీ సంచి దగ్గరికి లాక్కుంది. "బస్సుకు పోతానబ్బా."

మూలన పరుపు కుడుతున్న కాశింపీరా అప్పుడు తలెత్తాడు.

"ఓబులేసూ, అది వదిలి ఇట్ల రా. ఈ సూదికి దారమెక్కించు. నాకు కంటికి ఆనడంల్యా."

"ఇప్పుడా సామీ!"

"ఇప్పుడే."

ఒళ్ళు మండింది ఓబులేసుకు. అయినా గురువు మాట. సూది అందుకుని, దారం కొస నోట తడిపి, కంటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఎక్కిందా?"

"ల్యా సామీ." తలెత్తి చెప్పేసరికి దారం పక్కకు పోయింది. మళ్ళీ పెట్టాడు.

"ఎక్కిందా?"

"ఇంగా ల్యా."

"ఎక్కిందేమిరా?"

దారం కొస విచ్చుకుంది. మళ్ళీ తడిపాడు. వెనక పాట తెగింది. ఇమాంబీ చెవి తట్టుకుంది.

"ఎక్కిందా?"

"మీరట్ల గడియకోసారి అడుగుతాంటే యాడెక్కుతాది సామీ! మీకు జవాబు చెప్పేకే సరిపాయె!"

అనేసి, తన మాటే తనకు తగిలినట్టు కంప్యూటర్ వైపు తిరిగాడు.

కాశింపీరా తల వంచుకుని దూది సర్దుకుంటున్నాడు.

ఓబులేసు సూది పట్టుకునే కంప్యూటర్ దగ్గరికి పోయాడు. పాటల ఫోల్డర్ తెరిచాడు. పెద్దసామివన్నీ ఒక్క చోటే ఉండాలని ఆ కాపలా ప్రోగ్రాము రాసే చిట్టా కూడా అందులోనే పెట్టాడు, భక్తి కొద్దీ! కాపలావాడు ఒక ముక్క రాసినప్పుడల్లా, కొత్త పాట వచ్చిందనుకుని మిషను మూడు వేల ఏడొందల పాటలనూ మొదటి నుంచీ తిరగేస్తోంది.

కాపలా తీసేశాడు. చిట్టా తీసేశాడు. ఆ తత్వం మొదటి నుంచి పెట్టాడు.

అరనిమిషం అయింది. నిమిషం కావస్తోంది. చెయ్యి ఊరుకుంటుందా? గీత ఎక్కడుందో చూద్దామని మౌసు మీదికి పోయింది. కాశింపీరా లేచి వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి తెర మీద కప్పి, పోయి కూర్చున్నాడు.

ఇంక చూడటానికి ఏమీ లేదు. ఓబులేసు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రెండు నిమిషాలు. ఐదు. ఎప్పుడు తెగుతుందో, ఎప్పుడు తెగుతుందో అని చెవులు రిక్కించాడు. పది. ఇమాంబీ చెయ్యి చెవి మీది నుంచి దిగి ఒళ్ళో పడింది. పద్దెనిమిదో నిమిషంలో తత్వం ఆగింది. తంబురా శ్రుతి మిగిలింది. ఎవరో దగ్గారు. తర్వాత, ఎండిన గొంతుతో,

"ఇమామూ, నీళ్ళు తేమ్మా."

"తెస్తాండా నాయనా!" అని ఇమాంబీ చటుక్కున లేచి నిలబడింది.

ఎక్కడున్నదీ తెలియడానికి ఆమెకు కాసేపు పట్టింది. తెలిశాక కళ్ళు తుడుచుకోలేదు. "నా చెవి బాగుంది నాయనా" అంది ఓబులేసుతో, "బాగుంది."

అతని చేతిలో సూది అట్లాగే ఉంది. వంగి దారం పెట్టాడు.

కాశింపీరా ఏమీ అడగలేదు.